డెబ్బై నాలుగు పౌండ్ల దూడ

మా అన్న వెర్లిన్ ఫోన్ చేసేసరికి నేను పొద్దుటి గిన్నెలు కడుగుతున్నాను. అది పందొమ్మిది వందల ఎనభై ఆరు, మార్చి మొదటి వారం. నెబ్రాస్కా ఇసుక కొండల మీద మంచు కరిగీ కరగకుండా ఉంది.

"మావిస్, ఉన్నపళంగా రా. ఓ పెయ్య ఈనలేక చస్తోంది. నేనూ మీ వదినా చాలడం లేదు."

వాళ్ళ ఇల్లు మాకు పదకొండు మైళ్ళు. నేను వెళ్ళేసరికి వదిన లొరెట్టా కొట్టంలో గడ్డి మీద చతికిలబడి, బూట్లు రెండూ పెయ్య తొడలకి తన్నిపెట్టి, దూడ కాళ్ళకి కట్టిన గొలుసు లాగుతోంది. దూడ ముందరి గిట్టలు రెండు బయటికి వచ్చి ఆగిపోయాయి. ఒక్కో గిట్ట కాఫీ కప్పంత ఉంది. తొలిచూలు దూడకి అంతంత గిట్టలుండవు.

ముగ్గురం కలిసి గంటసేపు లాగాం. దూడ వచ్చింది గానీ ప్రాణంతో రాలేదు. వాచిన నాలుక నీలంగా పక్కకి వేలాడుతోంది. పెయ్య లేవబోయింది. వెనక కాళ్ళు స్వాధీనంలో లేక అలాగే కూలబడింది.

వెర్లిన్ మోచేత్తో నుదురు తుడుచుకున్నాడు.

"ఇది దూడ కాదే తల్లీ, కొత్తల్లుడు. మీసమొక్కటే మొలవాలి."

"నోరు ముయ్యి" అంది లొరెట్టా.

అన్న ఆ దూడని ఎత్తుకుని తిన్నగా ఇంట్లోకి తెచ్చాడు. స్నానాల గదిలో ఉండే తూకం తెమ్మని వంటింటి నేల మీద పెట్టించి, దూడతో సహా దాని మీద నిలబడ్డాడు. ముల్లు దాదాపు చివరికంటా పోయింది. దూడని కింద పెట్టి ఒంటరిగా నిలబడ్డాడు. తీసివేస్తే నూట ఎనిమిది పౌండ్లు తేలింది.

"ఆబోతు కాయితంలో పుట్టిన బరువు ఎంతని ఉంది?" అన్నాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"డెబ్బై నాలుగు" అన్నాను.

ఆ అంకె నాకు కంఠతా వచ్చు. ఆ ఆబోతుని అన్న చేత కొనిపించింది నేనే. మా మామగారు ఎల్డన్ నల్ల ఆంగస్ పశువుల్ని పెంచేవారు. తొలిచూలు పెయ్యలకి ఆబోతు కావాలంటే చుట్టుపక్కల ఎవరైనా ఆయన గుమ్మం ఎక్కాల్సిందే. మొదటిసారి ఈనే పెయ్యకి దారి ఇరుకు. చిన్న దూడ పడాలి. ఆబోతు తను పుట్టినప్పుడు చిన్నదైతే దాని దూడలూ మామూలుగా చిన్నవే పుడతాయి. అందుకని మా వైపు ఆబోతు ఎంత అందంగా ఉందో తర్వాత చూస్తారు, ముందు దాని పుట్టిన బరువు అడుగుతారు. మామగారు ప్రతి దూడనీ పుట్టిన రోజే తూచి, చొక్కా జేబులో ఉండే చిన్న పుస్తకంలో రాసుకునేవారు. కిందటి ఏప్రిల్‌లో అన్న ఇంకెక్కడో ఆబోతుని చూసి వస్తే నేనే అడ్డుపడ్డాను.

"మా మామయ్య రాశారంటే రాతి మీద చెక్కినట్టే. కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాను.

అన్న అలాగే తీసుకున్నాడు. నలభై రెండు పెయ్యల మధ్యకి దాన్ని వదిలాడు.

*

రెండు వారాల్లో పదకొండు దూడలు చచ్చాయి. ఐదు పెయ్యలు పోయాయి. పశువుల డాక్టరు హ్రుష్కా మూడింటికి పొట్ట కోసి దూడల్ని తీశాడు. మూడోదానికి చివరి కుట్టు వేసి చేతులు కడుక్కుంటూ, "ఇరవై ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్నా. ఒక్క ఆబోతు ఇంత చెరుపు చెయ్యడం నేను చూడలేదు" అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎత్తాను.

"తప్పు ఆబోతుది కాదమ్మాయ్" అన్నారు మామగారు. "మీ అన్న చలికాలమంతా మొక్కజొన్న పెట్టి మేపాడు. నవంబర్లో వెళ్ళినప్పుడు ఓ పెయ్య మీద చెయ్యి వేసి చూశాను. పక్కటెముక తగిల్తే ఒట్టు. కొవ్వు పట్టిన పెయ్యకి లోపల దారి మూసుకుపోతుంది. ఇక అది ఈనేదెలా?"

"దూడ నూట ఎనిమిది పౌండ్లుంది మామయ్యా."

"స్నానాల గది తూకం మీదా? దాని ఉద్యోగమే అబద్ధాలాడటం."

నేను ఆరిన్ వంక చూశాను. నా భర్త రొట్టెకి వెన్న రాస్తున్నాడు. ఈ అంచు నుంచి ఆ అంచుకి, నాలుగు మూలలకీ శ్రద్ధగా రాస్తున్నాడు.

"నువ్వేమంటావు?" అన్నాను.

"నాన్న చెప్పాక నేననేదేముంది?" అన్నాడు తలెత్తకుండా.

మామగారి మాట మీద నాకు పద్నాలుగేళ్ళ గురి. మర్నాడు పొద్దున్నే అన్న దగ్గరికి వెళ్ళాను. సాయం చెయ్యడానికే వెళ్ళాను. దొడ్లో గేటు దగ్గర అన్న కనబడగానే మాత్రం నోటికొచ్చింది ఆ మాటే.

"అన్నయ్యా, మొక్కజొన్న ఎక్కువ పెట్టావేమో చలికాలం."

వెర్లిన్ చేతిలోని బకెట్ కింద పెట్టాడు. "ఎవరన్నారు?"

"ఎవరంటే ఏముంది? పెయ్యలు లావుగానే ఉన్నాయిగా."

"మీ మామ అన్నాడు. నువ్వు మోసుకొచ్చావు."

"ఆయన నువ్వు పుట్టకముందు నుంచీ..."

"ఒసే మావిస్! వీటిని పుట్టినప్పటి నుంచీ నేనే పెంచానే. ఒక్కోటీ చచ్చిపోతూ నా మొహంలోకే చూస్తోంది. నువ్వొచ్చి నేనే చంపానంటున్నావు."

"చంపావని అన్నానా?"

"ఇంకెలా అంటారేం? వెళ్ళు. పద్నాలుగేళ్ళకి నిండా వాళ్ళ మనిషివైపోయావు. సంతోషం. వెళ్ళు ఇంక."

లొరెట్టా కొట్టంలోంచి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మీ అన్న మాటలకేంలే. కాఫీ కాచాను, తాగి ఉండు మావిస్. ఇవాళ ఇంకోటి ఈనేలా ఉంది. మనిషి సాయం కావాలి."

నేను ఉండలేదు. చెయ్యి విడిపించుకుని, కారు తలుపు దడాలున వేసుకుని వచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే జరిగింది. దూడని లాగడానికి ఒక ఇనప సాధనం ఉంటుంది. పొడుగాటి కడ్డీ, దానికో మర. కడ్డీ కొసని పెయ్య వెనక ఆనించి పిడి ఆడిస్తూ పోతే గొలుసు బిగుస్తుంది. ఒకరు పిడి ఆడిస్తుంటే ఇంకొకరు కడ్డీని పట్టుకోవాలి. వెర్లిన్ దూరపు బీడులో పెద్దావులకి గడ్డి వేయడానికి వెళ్ళాడు. పెయ్య ఆగేలా లేదు. లొరెట్టా ఒక్కతే మొదలుపెట్టింది. సగంలో పెయ్య దబ్బున కూలింది. కడ్డీ గిర్రున తిరిగి లొరెట్టా మొహానికి తగిలింది.

ఆసుపత్రిలో మంచం మీద ఉన్న మొహం నాకు తెలిసిన మొహం కాదు. దవడ రెండు చోట్ల విరిగింది. పై పళ్ళకీ కింది పళ్ళకీ కలిపి తీగలు బిగించేశారు. ఆరు వారాలు నోరు తెరవకూడదట. వెర్లిన్ పక్కనే కుర్చీలో ఉన్నాడు. నేను వచ్చానని తెలిసినా తల తిప్పలేదు. లొరెట్టా నన్ను చూసి దుప్పటి మీంచి చెయ్యి కొంచెం ఎత్తింది. రమ్మందో పొమ్మందో తెలియక నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ కాఫీ తాగి ఉంటే కడ్డీ నా చేతుల్లో ఉండేది కదా అన్న ఒక్క ఆలోచన తప్ప నాకు వేరే ఏదీ తోచలేదు.

*

మూడు రోజుల తర్వాత ఆరిన్ టీకా మందుల కోసం ఊళ్ళోకి వెళ్ళాడు. మా కొట్టంలో కూడా ఆవులు వరసగా ఈనుతున్నాయి. మా ఇంట తొలిచూలు పెయ్యలకి మామగారు ఒక ముసలి ఆబోతుని వాడేవారు. దాని దూడలు కుందేలు పిల్లల్లా జారిపడేవి. అన్న కొన్నదాని తండ్రి కూడా మా దొడ్లోనే ఉంది గాని దాన్ని పెద్దావులకే వదిలేవారు. నాలుగైదు ఈతలు ఈనిన ఆవు ఎంత దూడకైనా దారి ఇస్తుంది. అందుకే మా ఇంట్లో ఏ అనర్థమూ బయటపడలేదు.

"అమ్మాయ్, రెండు దూడలు తూచాలి. ఓ చెయ్యి వేస్తావా?" అని కేకేశారు మామగారు.

తూకం పని ఎప్పుడూ తండ్రీ కొడుకులదే. నేనెప్పుడూ అక్కడ నిలబడి ఎరగను. కొట్టం దూలానికి గడియారంలాంటి గుండ్రటి తూకం వేలాడుతుంది. దాని కింద గోనెపట్ట ఉయ్యాల. దూడని అందులో పెట్టి గిలక గొలుసు లాగితే దూడ పైకి లేస్తుంది, ముల్లు తిరుగుతుంది. నేను గొలుసు లాగాను. మామగారు తూకం దగ్గరికి వచ్చి, తల ఓ పక్కకి వంచి చూశారు.

"డెబ్బై మూడు" అని జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నారు.

నా చేతులు లాగేస్తున్నాయి. ఇంత బరువున్నదేమిటా అని నేనూ తలెత్తి చూశాను. ముల్లు తొంభై ఎనిమిది దగ్గర ఉంది.

"మామయ్యా, ఇంకోసారి చూస్తారా?"

"చూశాగా. డెబ్బై మూడు."

తూకం పాడైందేమో అనుకున్నాను. నేను పక్క నుంచి చూడటం వల్ల అలా ఉందేమో అనుకున్నాను. కళ్ళెదుట ఉన్నది ఒప్పుకోవడం తప్ప అన్నీ అనుకున్నాను. దూడని దింపి తల్లి దగ్గరికి తోలాను. రెండోదాన్ని తెచ్చి పట్ట దాని పొట్ట కిందకి చేర్చాను. గొలుసు మెలిపడితే విదిలించాను. అది గిలక మీద గలగలా చప్పుడు చేసింది.

మామగారు ముందుకి వంగారు. తల పక్కకి తిప్పి తూకం వంక చూశారు.

"డెబ్బై ఒకటి" అన్నారు.

దూడ నాలుగు కాళ్ళూ నేల మీదే ఉన్నాయి. ముల్లు సున్నా దగ్గర ఉంది.

ఆయన పెన్సిలు మొన నాలుక మీద తడుపుకుని రాయడం మొదలుపెట్టారు. అంతలో దూడ అరిచింది. ఆ అరుపు ఆయన మోకాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. పెన్సిలు ఆగిపోయింది.

"ఇంకా ఎత్తలేదా?" అన్నారు.

"లేదు మామయ్యా."

పుస్తకం మూసి జేబులో పెట్టుకోబోయారు. మొదటిసారి జేబు దొరకలేదు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"నడిమధ్య పోయింది" అన్నారు. "చుట్టూ బాగానే ఉంటుంది. నీ బూట్లు కనబడుతున్నాయి. అదుగో తలుపు కనబడుతోంది. నీ మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ. ఇది మూడో వసంతం."

"మరి ఈ అంకెలు?"

"చేతులున్నాయిగా అమ్మాయ్. యాభై ఏళ్ళుగా దూడల్ని ఎత్తినవాణ్ణి. ఎత్తితే ఎంతో చెప్పలేనా?"

"దీన్ని మీరు ఎత్తలేదు."

ఆయన్ని అప్పుడు సరిగ్గా చూశాను. పేపర్లో అన్నీ అబద్ధాలేనని చదవడం మానేసిన మనిషి. ఊళ్ళోకి వెళ్ళాలంటే ఆరిన్ ట్రక్కు నడిపితే, కొడుకు తండ్రికి ఎంత మర్యాద ఇస్తున్నాడో అని నేను మురిసిపోయిన మనిషి. ఆయన చెయ్యి చాచి దూడ వీపు వెతుక్కుని, దాని మీద అరచెయ్యి ఆనించారు. చాలాసేపు అలాగే ఉంచారు.

"పెద్దదే" అన్నారు మెల్లగా. తర్వాత, "ఆరిన్‌కి చెప్పకమ్మా. వాడు తట్టుకోలేడు" అన్నారు.

*

ఆరిన్ ట్రక్కు వాకిట్లో ఆగీ ఆగకముందే ఎదురు వెళ్ళాను. మామగారు చెప్పొద్దన్న మాట నాకు గుర్తుంది. ఆసుపత్రి మంచం అంతకంటే బాగా గుర్తుంది.

"మీ నాన్నకి తూకం కనబడదు."

ఆరిన్ "ఏమిటీ?" అనలేదు. ఒక చేతి తొడుగు తీశాడు. రెండోది తీశాడు. రెండూ కలిపి ఒక చేత్తో పట్టుకున్నాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?" అన్నాడు.

కొట్టంలో చూసినదానికే బిత్తరపోయి ఉన్నాను. ఇప్పుడీ మాట. పద్నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, దారినపోయేవాడెవరో వచ్చి నా వాకిట్లో నిలబడ్డట్టుంది.

"నీకు తెలుసు" అన్నాను.

"రెండేళ్ళ కిందట అనుమానం వచ్చింది."

"అన్నయ్య ఆబోతు పుట్టింది అప్పుడే."

ఆరిన్ తొడుగుల్ని జేబులో కుక్కుకున్నాడు.

"దాన్ని తూచినప్పుడు ఎక్కడున్నావు?"

"గొలుసు నేనే పట్టుకున్నాను."

"ముల్లు ఎక్కడుంది ఆరిన్?"

గాలి విసురుగా కొడుతోంది. ఆరిన్ కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నూట రెండు" అన్నాడు. "నాన్న డెబ్బై నాలుగన్నారు. నేను అదే కాయితాల మీదకి ఎక్కించాను."

"దాన్ని మా అన్న ట్రక్కులోకి తోలింది కూడా నువ్వే."

"ఆ పుస్తకం ఆయన చేతిలోంచి ఎలా లాక్కోమంటావే? అది పోతే ఆయనకింకేం మిగులుతుంది? మీ అన్న పెద్దావులకి వాడుకుంటాడేమోనని..."

"పెయ్యల కోసమని నేనే నీతో చెప్పాను. ఇదే వాకిట్లో చెప్పాను."

"నాకు తెలుసని నాన్నతో అనకు. సిగ్గుతో చచ్చిపోతారు" అన్నాడు.

తండ్రికి కొడుకు తట్టుకోలేడని దిగులు. కొడుక్కి తండ్రి తట్టుకోలేడని దిగులు. ఒకరి పరువు ఒకరు కాచుకుంటూ కూర్చున్నారు, అక్కడ మా వదిన నోరు తీగలతో కట్టి ఉంది.

ఇద్దరినీ వంటింట్లో బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోబెట్టాను. నిలబడే చెప్పాను.

"మామయ్యా, మీకు చూపు లేదని ఆరిన్‌కి రెండేళ్ళుగా తెలుసు. ఆరిన్, నీకు చెప్పొద్దని ఆయన నన్ను బతిమాలారు. ఇప్పుడిద్దరికీ తెలుసు. అన్నయ్య కొన్న ఆబోతు పుట్టినప్పుడు నూట రెండు పౌండ్లు."

మామగారు మొహం కొడుకు వైపు తిప్పారు. తిన్నగా కాదు, కాస్త పక్కకి, మచ్చ అడ్డం రాకుండా.

"నూట రెండా?"

"అవును నాన్నా."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"నా పక్కనే నిలబడి చూశావు" అన్నారాయన. కోపంగా అనలేదు. కోపమైనా బాగుండేది. ఏదో దూరదేశపు సంగతి ఇప్పుడే వింటున్నవాడిలా అన్నారు. తర్వాత బల్ల అంచు పట్టుకుని లేచారు.

"కిందటేడు పదకొండు ఆబోతుల్ని ఇచ్చాం. నంబర్లు నువ్వు తిప్పమ్మాయ్. మాట్లాడేది నేను."

ఆ సాయంత్రం లోపల పది ఇళ్ళకి ఫోన్ చేశాం. ప్రతి ఇంటికీ అవే మాటలు. "నేను ఎల్డన్‌ని. నాకు మూడేళ్ళుగా చూపు ఆనడం లేదు. మీ కాయితంలో ఉన్న పుట్టిన బరువు నమ్మొద్దు. ఈనాల్సిన పెయ్యలు ఇంకా ఉంటే డాక్టర్ని దగ్గర పెట్టుకోండి." ఒకావిడ వేళాకోళమనుకుని నవ్వింది. ఒకాయన తిట్టిన తిట్లు పక్కనున్న నాకు కూడా వినబడ్డాయి. మామగారు అన్నీ విని, అవతలి మనిషి ఊపిరి తీసుకున్నప్పుడల్లా "అవును" అన్నారు. ఇంకో ముసలాయన మాత్రం, "మేమే మొక్కజొన్న ఎక్కువ పెట్టామేమో అనుకున్నాం ఎల్డన్" అన్నాడు. అది విన్నాక మామగారు రిసీవరు పెట్టలేకపోయారు. నేనే తీసుకుని పెట్టాను.

కొడుకు పేరు ఒక్క ఫోన్లో కూడా రానివ్వలేదాయన.

పదకొండో నంబరు తిప్పబోతే ఆపారు. "మీ అన్నకి ఫోన్ వద్దు. పొద్దున్నే వెళ్దాం."

*

వెర్లిన్ కొట్టం గుమ్మంలో నిలబడి మామగారు చెప్పిందంతా విన్నాడు. లొరెట్టా అంతకుముందు రోజే ఇంటికి వచ్చింది. కిటికీ అద్దం వెనక కట్టు కట్టిన మొహం కనబడుతోంది.

"చూపు లేదా?" అన్నాడు వెర్లిన్. "అయితే రండి, చూపిస్తాను."

మామగారి మోచెయ్యి పట్టుకుని కొట్టం వెనక్కి నడిపించాడు. చచ్చిన పెయ్యలు అక్కడ వరసగా పడి ఉన్నాయి. తీసుకెళ్ళే బండి ఇంకా రాలేదు. చలికి అవి కొయ్యబారి ఉన్నాయి. మామగారు మొదటిదాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. మెడ మీద చెయ్యి వేశారు, పక్కటెముకల మీద వేశారు, నడుము దాకా తడిమారు. లేచారు. రెండోదాని దగ్గర కూర్చున్నారు. ఒక్కోదానికీ అలాగే. ఆరోదాని దగ్గర లేచేటప్పుడు తూలారు.

"అయిపోయాయా?" అన్నారు.

"ఇంకోటుంది" అన్నాడు వెర్లిన్. "నిన్నటిది."

మామగారు ఏడోదాని పక్కన కూర్చున్నారు. చెయ్యి వేసి చాలాసేపు ఉన్నారు.

"కొవ్వు లేదు నాయనా" అన్నారు. "వీటిలో ఒక్కదానికీ కొవ్వు లేదు. నేనన్నది తప్పు."

వెర్లిన్ అప్పుడు నా వంక చూశాడు. "నీకు తెలుసా?"

"నిన్ననే తెలిసింది అన్నయ్యా. ఆ రోజు నేనన్న మాట..."

వెనక ట్రక్కు తలుపు చప్పుడైంది. అంతవరకూ దిగని ఆరిన్ దిగి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నాకు తెలుసు వెర్లిన్. నీకు అమ్మినప్పుడే తెలుసు."

నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ చప్పుడు వినబడుతుందనుకున్నాను. ఏమీ వినబడలేదు. కళ్ళు తెరిచేసరికి అన్న ఇంటివైపు నడిచిపోతున్నాడు. మెట్ల మీద ఒకసారి ఆగి మా వైపు తిరిగాడు. చేతులు రెండూ కొంచెం ఎత్తి, దించి, లోపలికి వెళ్ళిపోయాడు.

కొట్టంలో ఒక పెయ్య మూలుగుతోంది. ఆరిన్ టోపీ పెట్టుకుని లోపలికి వెళ్ళి గొలుసులు అందుకున్నాడు.

*

ఆ తర్వాత ఐదు వారాలు ఆరిన్ రోజూ తెల్లవారేసరికి అక్కడ ఉండేవాడు. మా కొట్టం పని నేనూ మామగారూ చూసుకునేవాళ్ళం. తూకం దగ్గర నేను చదివేదాన్ని, నేనే రాసేదాన్ని. ఆయన గొలుసు లాగేవారు. ఎనభై తొమ్మిది, తొంభై ఆరు, నూట మూడు. అంకె పైకి చదివిన ప్రతిసారీ ఆయన తల ఊపేవారు. ఆ మూడేళ్ళలో పుట్టిన దూడల కాయితాలన్నీ రద్దు చేయించుకున్నాం. మళ్ళీ మా దగ్గర ఆబోతు కోసం ఒక మనిషి రావడానికి ఏడేళ్ళు పట్టింది. అప్పటికి మామగారు లేరు. ముసలి ఆబోతుకి పుట్టిన పది పెయ్యల్ని అన్నకి తోలితే, వద్దనలేదు, థాంక్స్ కూడా అనలేదు.

రోజూ మధ్యాహ్నం నేను వదినకి సూప్ పట్టుకెళ్ళేదాన్ని. పలచగా వడగట్టి గొట్టంతో తాగించాలి. ఆరిన్ నేను కట్టి ఇచ్చిన రొట్టె ట్రక్కులో కూర్చుని తినేవాడు. వెర్లిన్ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. ఒకే పెయ్యకి ఇద్దరూ చెరో పక్క నిలబడి లాగేవారు. ఏదైనా చెప్పాలంటే అన్న పెయ్యతో చెప్పేవాడు. "పట్టుకోవే తల్లీ, ఇంకొంచెం." ఆరిన్ పట్టుకునేవాడు. ఇంకో రెండు పెయ్యలు పోయాయి. మిగిలినవి బతికాయి.

మా ఇంట్లోనూ మాటలు తక్కువే. ఆరిన్ ఇంటికి వచ్చి ఇన్ని దూడలు బతికాయని చెబితే నేను సరేనని విని, మర్నాడు వెళ్ళి లెక్కపెట్టుకునేదాన్ని. అతను అబద్ధం చెప్పడని నాకు తెలుసు. అయినా లెక్కపెట్టుకునేదాన్ని. ఆ అలవాటు పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. పూర్తిగా పోయిందని ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను.

ఏప్రిల్ ఆఖరున చివరి పెయ్య ఈనింది. పొద్దున పదింటికి మొదలై పన్నెండింటికి దూడ పడింది. అది దానంతట అదే లేచి పాలు తాగింది. ఆరిన్ గొలుసులు కడిగి మేకుకి తగిలించి, చేతులు తుడుచుకుంటూ ట్రక్కు వైపు వెళ్తున్నాడు. వరండాలోకి లొరెట్టా వచ్చింది. నోరు తెరవకుండా, పళ్ళ సందుల్లోంచి పిలిచింది.

"ఆరిన్."

అతను ఆగాడు. లొరెట్టా వేలితో ఇంట్లోకి చూపించింది. బల్ల మీద మూడు కంచాలు, పక్కన నేను తెచ్చిన సూప్ గిన్నె ఉన్నాయి.

ఆరిన్ టోపీ తీసి లోపలికి వచ్చి కూర్చున్నాడు. వెర్లిన్ బంగాళదుంపలు, మాంసం ముక్క వడ్డించుకున్నాడు. కంచం పట్టుకుని లేచాడు. ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

నేను కంచంతో మధ్యలో నిలబడ్డాను. లోపల నా భర్త. బయట మా అన్న. కాసేపు అలా నిలబడి, బయటికి వెళ్ళి అన్న పక్కన కూర్చున్నాను. ఎండ బాగుంది. బీడులో బతికిన దూడలు తోకలెత్తి పరిగెడుతున్నాయి. ఇద్దరం తింటున్నాం. అన్న మాంసం ముక్క కోసుకుంటూ, కంచంలోకే చూస్తూ అన్నాడు.

"లోపలికి వెళ్ళవే. వాడికి అక్కడ మాట్లాడే మనిషి లేరు. మీ వదిన నోరు కట్టేసి ఉంది."

అన్న నవ్వలేదు. కంచం తీసుకుని నేను లేచాను.